మా ఇంటి కోరం

మా అక్కకు ఆఫీసులో 'తీర్మానం' అని పేరు. ఆ పేరు పెట్టినవాళ్లకు ఆవిడ సంగతి సగమే తెలుసు. హోటల్లో కూర్చున్నప్పుడు కాఫీయా, టీయా అని అడిగితే, పక్కవాళ్లు ఏం చెబుతున్నారో విని, ఎక్కువమంది ఏది చెబితే అదే చెప్పే మనిషి మా అక్క. రెండూ సరిసమానంగా వస్తే మంచినీళ్లు తాగుతుంది.

ఆ పేరు చేసే పనిని బట్టి వచ్చింది. ఊళ్లకు మంచినీటి ట్యాంకులూ బడిగదులూ కట్టించే ఒక సహాయ సంస్థలో అక్క పదకొండేళ్లుగా సమావేశాలకు మినిట్స్ రాస్తోంది. ఆ గదిలో పొడుగాటి బల్ల, చుట్టూ పద్నాలుగు కుర్చీలు. అక్క కుర్చీ పదిహేనోది. అది బల్ల దగ్గర ఉండదు. వెనకాల కిటికీ పక్కన, నీళ్ల ఫిల్టరుకు ఆనుకుని ఉంటుంది. దాహం వేసినవాళ్లు ఆవిడ తలమీదుగా చెయ్యి చాపి గ్లాసు అందుకుంటారు. ఆవిడ కాస్త తల వంచి రాసుకుంటూనే ఉంటుంది.

రాయడంలో మాత్రం అక్కను మించినవాళ్లు లేరు. ఒకసారి ఇద్దరు ఇంజనీర్లు ఒక వంతెన విషయంలో ఒకరి మీద ఒకరు ఒంటికాలి మీద లేచారు. అందులో ఒకాయన చేతిలోని కాగితాల కట్టను బల్ల మీదికి విసిరేసి బయటికి వెళ్లిపోయాడు. మర్నాడు అక్క మినిట్స్‌లో ఇలా ఉంది: 'ఈ అంశంపై సభ్యులు ఆసక్తితో చర్చించారు. ఒక సభ్యుడు అదనపు పత్రాలను సభ ముందుంచారు.' ఇద్దరూ చదివి కిమ్మనకుండా సంతకం పెట్టారు.

ఈ విద్య మా నాన్న దగ్గర నుంచి వచ్చింది. ఆయన పట్టణ పాలక మండలి ఆఫీసులో ముప్పై రెండేళ్లు మినిట్స్ రాసి రిటైరయ్యారు. రాసే మనిషికి పేరు ఉండకూడదు, అభిప్రాయం ఉండకూడదు, వీలైతే దగ్గు కూడా ఉండకూడదని ఆయన సిద్ధాంతం. సభకు వచ్చినవాళ్ల పేర్లు రాసేటప్పుడు రాసేవాడు తన పేరు రాసుకోడు. ఎందుకని చిన్నప్పుడు అక్క అడిగితే, "ఫోటో తీసేవాడు ఫోటోలో ఉంటాడా?" అన్నారు. అక్క దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. నేను అదే రోజు ఆ మాట మరిచిపోయి ఆడుకోవడానికి వెళ్లాను. మా ఇద్దరి బతుకులూ అక్కడే తేలిపోయాయి.

ఎందుకంటే నేను ఒక మాటంటే పది మాటలనే రకం. నాకు బజారులో కళ్లజోళ్ల దుకాణం ఉంది. వెనక గదిలో కళ్లు పరీక్ష చేస్తాను. కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ముందు ఒక అద్దం పెట్టి, తీసి ఇంకోటి పెట్టి, "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడగడమే నా వృత్తి. మామూలు మనిషికి పది నిమిషాలు పడుతుంది. మా అక్కకు ముప్పావు గంట. "రెండింటికీ వాటి వాటి ప్రయోజనాలున్నాయి" అంటుంది. కంటి అద్దానికి ప్రయోజనాలేమిటి తల్లీ, అక్షరం కనబడుతోందా లేదా అని నేను తల పట్టుకుంటాను.

ఇలాంటి మనిషికి ముప్పై నాలుగేళ్ల వయసులో, ఒకే వారంలో, రెండు యూనివర్సిటీల నుంచి సీటు వచ్చినట్టు ఉత్తరాలు వచ్చాయి.

మొదటిది అంతర్జాతీయ వ్యవహారాల్లో మాస్టర్స్. రెండేళ్లు. ఒక పెద్ద రాజధాని నగరంలో, దేశాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయి, ఒప్పందాలు ఎలా కుదురుతాయి, పెద్ద బల్లల దగ్గర నిర్ణయాలు ఎలా జరుగుతాయి అన్నది నేర్పుతారు. రెండోది అభివృద్ధి మీద. ఏడాదిన్నర. ఎవరూ పెద్దగా వినని ఒక చిన్న పట్టణంలో. అందులో సగం కాలం తరగతిలో ఉండరు. ఎక్కడో ఒక ఊళ్లో కూర్చుని, కట్టిన బావి, వేసిన రోడ్డు, తెరిచిన బడి ఆ తర్వాత ఏమయ్యాయో చూసి రాయాలి. రెంటికీ శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా జవాబివ్వాలి. ఇవ్వకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

అసలు ఈవిడ దరఖాస్తు ఎందుకు పెట్టిందన్నది నాకొక్కదానికే తెలుసు. ఒకరోజు కళ్ల పరీక్ష చేస్తుంటే, గదిలో దీపం తగ్గించి ఉండగా, కంటికి ఆ బరువైన పరీక్ష ఫ్రేము పెట్టుకుని చెప్పింది. నాలుగేళ్ల కిందట ఒక సమావేశంలో, కొండవాలు మీద ఉన్న ఊరికి బడి పక్కన బోరు వేసి నీళ్ల ట్యాంకు కట్టాలని ప్రతిపాదన వచ్చిందట. అదే చోట ఏడేళ్ల ముందు బోరు వేస్తే రెండో వేసవికల్లా ఎండిపోయిందని అక్కకు తెలుసు. ఆ మినిట్స్ ఆవిడ రాసినవే. ఆ ఫైలు అప్పుడు ఆవిడ ఒళ్లోనే ఉంది. చెప్పాలని పెన్ను కింద పెట్టింది. సరిగ్గా అప్పుడే ఎవరో మంచినీళ్లకోసం ఆవిడ తలమీదుగా చెయ్యి చాపారు. ఆవిడ తల వంచింది. తల ఎత్తేసరికి ఆ అంశం అయిపోయి తర్వాతిది మొదలైంది.

ట్యాంకు కట్టారు. రెండో వేసవికి ఎండిపోయింది. ఊళ్లోవాళ్లు మళ్లీ బిందెలెత్తుకుని పాత దారే పట్టారు. 'ట్యాంకు పనితీరు ఆశించిన స్థాయిలో లేదని సభ్యులు గుర్తించారు' అని అక్కే రాసింది. "నేను ఆ గదిలోనే ఉన్నానే" అంది నాతో. ఫ్రేము వెనకాల ఆవిడ కళ్లు నాకు కనబడలేదు. ఆ రోజు ఇంకో అద్దం మార్చకుండానే పరీక్ష ముగించాను.

ఉత్తరాలు వచ్చాక అక్క కంప్యూటర్లో ఒక పట్టిక తయారుచేసింది. నలభై ఒక్క వరసలు. లైబ్రరీ ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది, పాఠం చెప్పేవాళ్లలో సొంతంగా పని చేసినవాళ్లెందరు, హాస్టలు గదికి కిటికీ ఎటువైపు, చలికాలం ఎన్ని నెలలు. ఒక్కోదానికి పదేసి మార్కులు. ఖర్చు వరస చూస్తే కాస్త తేలుతుందేమో అనుకుంటే, ఒక చోట ఫీజులో ఇచ్చిన రాయితీ ఇంకోచోట ఇంటి అద్దెలో మిగిలేదానితో సరిసమానమై ఆ దారి కూడా మూసుకుపోయింది. మూడు రోజులు కష్టపడి కూడితే ఇటు రెండు వందల ఎనభై ఏడు, అటు రెండు వందల ఎనభై ఏడు.

మళ్లీ కూడమన్నాను. ఈసారి ముఖ్యమైనవాటికి ఎక్కువ మార్కులిచ్చి కూడింది. మూడు వందల ఒకటి, మూడు వందల ఒకటి. నాకు విషయం అర్థమైంది. ఒక వైపు వెనకబడుతుంటే అక్కకు దాని మీద జాలి కలుగుతుంది. కిటికీ దగ్గరో లైబ్రరీ దగ్గరో దానికి ఓ మార్కు వేసి లేవనెత్తుతుంది. పరీక్ష పేపర్లు దిద్దే ఉద్యోగం రాకపోవడం దేశానికి మంచిదయింది.

ఆ రెండు చోట్లా చదివి వచ్చినవాళ్లకు ఆరుగురికి ఉత్తరాలు రాసింది. ఆరుగురూ ఎంతో మర్యాదగా, రెండూ మంచివే, మీకేం కావాలన్నదాని మీద ఆధారపడి ఉంటుందని జవాబిచ్చారు. అదే తెలిస్తే మీకెందుకు రాస్తుందయ్యా అని నేను మండిపడ్డాను. అక్క మాత్రం ఆరుగురికీ కృతజ్ఞతలు తెలిపింది. తర్వాత వాళ్ల డైరెక్టరు గారిని అడిగింది. ఆయన మొదటిదే మంచిదన్నారు. ఆ వెంటనే దిగులు పడిపోయి, మరి నువ్వు వెళ్తే మినిట్స్ ఎవరు రాస్తారు అన్నారట. అక్క ఇంటికి వచ్చి పట్టికలో నలభై రెండో వరస చేర్చింది: 'సంస్థకు కలిగే ఇబ్బంది.' రెండు వైపులా ఒకే మార్కు వేసింది.

ఇంకో నాలుగు రోజుల్లో గడువు. ఇక లాభం లేదని నాన్న మీటింగు పెట్టారు.

మా ఇంట్లో మీటింగంటే ఆషామాషీ వ్యవహారం కాదు. దానికొక పుస్తకముంది. అక్కకు పన్నెండేళ్లు, నాకు తొమ్మిదేళ్లు ఉన్నప్పుడు మొదలైంది. మేం బడికి వెళ్లిన సమయంలో అమ్మానాన్నలిద్దరే వెళ్లి ఒక సోఫా కొనుక్కొచ్చారు. అది గుమ్మంలో పట్టలేదు. నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా నానా తంటాలు పడ్డారు. సాయంత్రం అక్క బడినుంచి వచ్చి, గుమ్మం వెడల్పు తనకు తెలుసని, కిందటి నెల స్కేలుతో కొలిచానని చెప్పింది. ఆ సోఫా ఇప్పటికీ వరండాలోనే ఉంది. ఆ రోజే నాన్న కొత్త పుస్తకం తెచ్చి మొదటి పేజీలో ఎర్రసిరాతో రాశారు: 'ఇంట్లో నలుగురూ హాజరు కాని సమావేశంలో చేసిన ఏ తీర్మానమూ చెల్లదు.' సభ చెల్లాలంటే ఉండాల్సిన ఆ కనీస సంఖ్యనే కోరం అంటారు; మా ఇంటి కోరం నలుగురు. నాన్న అధ్యక్షులు. అమ్మ ఉపాధ్యక్షురాలు. నేను సభ్యురాలిని. అక్క చేతిరాత బాగుంటుందని రాసే పని ఆవిడకిచ్చారు.

సోమవారం నాడు ఎజెండా ఫ్రిజ్ తలుపుకు అంటించారు. ఒకటి, కిందటి మినిట్స్ ఆమోదం. రెండు, పెద్దమ్మాయి పై చదువు. మూడు, వంటింటి కుళాయి కారడం.

బుధవారం సాయంత్రం ఆరింటికి భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నాం. అంటే మేం ముగ్గురం బల్ల దగ్గర, అక్క కాస్త వెనక్కి, ఫ్రిజ్ పక్కన, ఒళ్లో పుస్తకంతో. నాన్న కళ్లజోడు సవరించుకుని తన అభిప్రాయం చెప్పారు. "పైన బల్ల దగ్గర ఏమనుకుంటే కింద అదే జరుగుతుంది. ముప్పై రెండేళ్లు చూశాను. వెళ్తే ఆ పెద్ద బల్ల దగ్గరికే వెళ్లాలి. మొదటిదే." అమ్మ ఆసుపత్రిలో నర్సు. గాయాలకు కట్లు కట్టే వార్డు ఆవిడ చేతిలో ఉంది. "ఫైలు చూసి కట్టు కట్టలేమండీ. గాయం చూడాలి. నేనైతే రెండోదే అంటాను" అంది.

నా వంతు వచ్చింది. రెండూ నాకొకటేనని, తటస్థంగా ఉంటానని చెప్పాను. అది శుద్ధ అబద్ధం. నాకు రెండూ ఇష్టం లేదు. అక్క ఎక్కడికీ వెళ్లకూడదని నాకుంది. వారానికోసారి దుకాణానికి వచ్చి, అవసరం లేకపోయినా కళ్లు పరీక్ష చేయించుకుని, ముప్పావు గంట నా ప్రాణం తోడెయ్యాలని ఉంది. అది మినిట్స్‌లో రాయించుకునే సంగతి కాదు కాబట్టి నోరు మూసుకున్నాను.

ఒకటికి ఒకటి. తేలలేదు. అధ్యక్షుల హోదాలో నాన్న నిర్ణాయక ఓటు వేశారు. మొదటిదే ఖాయమైంది. అప్పుడు అక్క తలెత్తింది. ఏదో అంటుందని చూశాను. "నిర్ణాయక ఓటుతో ఆమోదించారని రాయనా నాన్నా, ఏకగ్రీవమని రాయనా?" అని అడిగింది. ఉన్నదున్నట్టు రాయమన్నారు నాన్న. ఈ అంశానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. కుళాయికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది.

అక్క ఆ రాత్రే జవాబు పంపేసి ఉంటుందని మీరనుకోవచ్చు. పంపలేదు. అధ్యక్షులు మినిట్స్ చదివి సంతకం పెట్టేదాకా తీర్మానాన్ని అమలు చేయకూడదు. గురువారమంతా అక్క ఆఫీసులో ఏదో పెద్ద సమావేశం. శుక్రవారం పొద్దున శుభ్రమైన ప్రతి నాన్న ముందు పెట్టి, సాయంత్రం లోపు సంతకం చెయ్యమని చెప్పి పనికి వెళ్లింది.

మధ్యాహ్నం పన్నెండింటికి నాన్న ఆ పుస్తకం చంకలో పెట్టుకుని నా దుకాణానికి నడిచి వచ్చారు. నేనొక పెద్దమనిషికి ఫ్రేములు చూపిస్తున్నాను. ఆయన అద్దంలో చూసుకుని, ముఖం కుడివైపు తిప్పి, ఎడమవైపు తిప్పి మీనమేషాలు లెక్కపెడుతున్నాడు. నాన్న మామూలుగా అయితే అలాంటివాళ్లకు సలహా ఇస్తారు. ఆరోజు బల్ల మీద పుస్తకం పెట్టి కదలకుండా కూర్చున్నారు. పెద్దమనిషిని పంపించేశాక పుస్తకం నా వైపు తిప్పారు.

"చదువు" అన్నారు.

చదివాను. వంక పెట్టడానికేం లేదు, ముత్యాల్లాంటి అక్షరాలు.

"హాజరైనవాళ్లు ఎంతమంది?"

"అధ్యక్షులు, ఉపాధ్యక్షురాలు, సభ్యురాలు. ముగ్గురు."

"ఓట్లు?"

"అటొకటి, ఇటొకటి, తటస్థం ఒకటి. నిర్ణాయకం కలపకుండా మూడు."

"మనం ఎంతమందిమమ్మా?"

నాన్న పాలక మండలిలో పని చేసినన్నాళ్లూ సంతకానికి పంపేముందు ఓట్లనూ హాజరునూ సరిచూసేవారు. ఓట్లు ఎక్కువై హాజరు తక్కువైతే ఎవరో దొంగ ఓటు వేసినట్టు. మా ఇంట్లో ఇరవై రెండేళ్లలో ప్రతిదీ ఏకగ్రీవమే కాబట్టి సరిచూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఇదే మొదటి ఓటింగు. అలవాటు కొద్దీ సరిచూశారు. మూడు, మూడు. సరిపోయింది. అలా సరిపోవడమే ఆయనకు మింగుడుపడలేదు.

ఇద్దరం కూర్చుని పుస్తకాన్ని వెనక్కి తిరగేశాం. ఇంటికి రంగులేయించిన మీటింగు. అమ్మ ఆపరేషను మీటింగు. అప్పుడు పదకొండు రోజులు ఆసుపత్రి వరండాలో పడుకున్నది అక్క. నా దుకాణం మీటింగు: 'చిన్నమ్మాయి దుకాణానికి సభ ఆమోదం తెలిపింది.' వెనక గదిలో కళ్ల పరీక్ష కూడా పెట్టుకుంటే బాగుంటుందన్న ఆలోచన అక్కది. ఆ మాట ఎక్కడా లేదు. మొత్తం పంతొమ్మిది సమావేశాలు. అక్క చేతిరాత ప్రతి పేజీలో ఉంది, అక్క ఏ పేజీలోనూ లేదు. ప్రతిదాని కింద నాన్న సంతకం ఉంది. రెండు రోజుల కిందట నేనూ అదే బల్ల దగ్గర ఉన్నాను. ఆవిడ జీవితం గురించి అందరం మాట్లాడాం కానీ, నీకేం కావాలే అని ఒక్కరం అడగలేదు. అడగకూడదని కాదు. ఆవిడ రాసుకుంటోంది కదా అని. నాకు నిజంగా సిగ్గేసింది.

"ఫోటో తీసేవాడు ఫోటోలో ఉండడని నేర్పింది నేనే" అన్నారు నాన్న. ఆయన గొంతు అంత మెత్తగా నేనెప్పుడూ వినలేదు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, అమ్మకూ అక్కకూ చేసి, అత్యవసర సమావేశం, వెంటనే బయల్దేరమన్నారు. అమ్మ వార్డు ఎవరికో అప్పజెప్పి, వేసుకున్న తెల్లకోటుతోనే వచ్చింది. అక్క మూడున్నరకు వచ్చింది, భుజాన సంచీ, మొహాన కంగారు.

"తప్పులేమైనా ఉన్నాయా నాన్నా?" అంది గుమ్మంలోనే.

"ఒకటుంది. మొన్నటి మీటింగు చెల్లదు. కోరం లేదు."

"నలుగురం ఉన్నాం కదా."

"పుస్తకంలో ముగ్గురే ఉన్నారు."

అక్క పుస్తకం తీసి చూసుకుంది. "రాసేవాళ్లని రాయరు కదా" అంది.

"అందుకే ఇవాళ నేను రాస్తాను. నువ్వు కూర్చో."

దుకాణం తలుపు మూసి వెనక గదిలోకి వెళ్లాం. అక్కడ రెండు ముక్కాలిపీటలు, ఒక కళ్ల పరీక్ష కుర్చీ, గోడకు అక్షరాల చార్టు. అమ్మా నాన్నా పీటల మీద కూర్చున్నారు. నేను బీరువాకు ఆనుకుని నిలబడ్డాను. మిగిలింది పరీక్ష కుర్చీ. అక్క అందులో కూర్చుంది. ఆవిడ చేతులకు ఏం చెయ్యాలో తోచలేదు. కాసేపు ఒళ్లో పెట్టుకుంది, కాసేపు కుర్చీ చేతుల మీద పెట్టింది, ఆఖరికి నా పరీక్ష అద్దమొకటి తీసుకుని కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

రెండో అంశం, పెద్దమ్మాయి పై చదువు, అభిప్రాయం చెప్పమన్నారు నాన్న. అక్క గొంతు సవరించుకుని, రెండు కోర్సులకూ వాటి వాటి ప్రయోజనాలున్నాయని మొదలుపెట్టింది. నాన్న పెన్ను కదల్లేదు. రెండు వైపులా మార్కులు సమానంగా వచ్చాయంది. పెన్ను కదల్లేదు. అధ్యక్షులవారి అభిప్రాయంలోనూ ఉపాధ్యక్షురాలి అభిప్రాయంలోనూ బలముందని సభ్యులు భావిస్తున్నారంది. నాన్న తలెత్తి, "సభ్యులు కాదమ్మా. నువ్వు" అన్నారు.

గోడ గడియారంలో నాలుగు దాటింది. నా నాలుక దురద పెడుతోంది. నోరు తెరవబోతే అమ్మ ఒక చూపు చూసింది. ఇంజక్షనుకు భయపడే రోగుల్ని చూసే చూపు అది. మూసుకున్నాను. నాలుగూ పది అయింది. వీధిలో ఎవరో షట్టరు లాగిన చప్పుడు. అక్క అద్దాన్ని తుడుస్తూనే ఉంది.

అప్పుడు ట్యాంకు గురించి చెప్పింది. నాకు చెప్పినట్టే, కొండవాలు ఊరు, ఒళ్లో ఫైలు, తలమీదుగా చాపిన చెయ్యి. అమ్మానాన్నలు వినడం అదే మొదటిసారి. నాన్న రాయడం మరిచిపోయారు.

"పదకొండేళ్లు నేను ఆ బల్ల వెనకే ఉన్నాను నాన్నా" అంది అక్క. "వాళ్లెలా మాట్లాడతారో, ఎక్కడ ఆగుతారో, ఎవరు ఎవరికి భయపడతారో నాకు తెలుసు. మళ్లీ రెండేళ్లు అదే నేర్చుకోవాలా? ఆ ట్యాంకు నేనొక్కసారి కూడా చూడలేదు. దాని గురించి నాలుగుసార్లు రాశాను. ఒక్కసారైనా అక్కడికి వెళ్లి ఉంటే, ఆ రోజు నాకు నోరొచ్చేది. నాకు రెండోది కావాలి."

'కావాలి' అన్న మాట మా అక్క నోట నేను విన్నది అప్పుడే. ఎప్పటినుంచి అనుకుంటున్నావే అని అడిగింది అమ్మ. ఉత్తరం వచ్చిన రోజునుంచే అంది అక్క. నలభై రెండు వరసల పట్టిక గుర్తొచ్చి నాకు ఒళ్లు మండింది, అదే క్షణంలో ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకుని, నేను తటస్థం కాదని, నువ్వు వెళ్లడమే నాకిష్టం లేదని, అయినా వెళ్లమని, ఇది కూడా రాసుకోమని చెప్పాను. నాన్న ముక్కు పీల్చుకుంటూ రాసుకున్నారు.

తర్వాత ఆయన అలవాటు కొద్దీ, "ఓటింగుకు పెట్టనా?" అన్నారు. ఆయన అభిప్రాయం ఇంకా పెద్ద బల్ల వైపే ఉందని మా అందరికీ తెలుసు.

అక్క అద్దాన్ని పెట్టెలో దాని గడిలో పెట్టేసింది. "వద్దు నాన్నా. దీని మీద ఓటింగు లేదు" అంది.

నాన్న ముప్పై రెండేళ్ల సర్వీసులో అధ్యక్షుణ్ని అలా ఆపినవాళ్లు ఎవరూ ఉండి ఉండరు. "సరే" అని రాసుకున్నారు.

నాలుగూ ముప్పై ఐదుకు, అద్దాలు ఆర్డరు పెట్టే నా కంప్యూటరు ముందు కూర్చుని అక్క జవాబు పంపింది. రెండో యూనివర్సిటీకి వస్తున్నానని. మొదటిదానికి అంతకన్నా పొడుగాటి ఉత్తరం, పాపం వాళ్లు నొచ్చుకుంటారని. సంతకాలు కాకుండానే తీర్మానాన్ని అమలు చేసేశావని నేను గుర్తుచేశాను. ఆవిడ విననట్టు నటించింది. బుధవారం మీటింగు చెల్లలేదు కాబట్టి కుళాయి తీర్మానం కూడా గాలికి పోయింది. అది ఇంకా కారుతూనే ఉంది.

ఐదు కావస్తుండగా నాన్న రాయడం ముగించారు. రిటైరయ్యాక ఆయనకు రాసే అలవాటు తప్పింది, అక్షరాలు పుస్తకం గీతల్ని పట్టించుకోవడం మానేశాయి. ఎవరేం అన్నారో పేరుపేరునా, వాళ్ల మాటల్లోనే రాశారు. ఆయన నేర్పినదానికి అది పూర్తిగా విరుద్ధం. 'పెద్దమ్మాయి: నాకు రెండోది కావాలి' అన్న వాక్యం కింద రెండుసార్లు గీత గీసి ఉంది. పుస్తకం అక్క చేతికిచ్చి, చూసి తప్పులుంటే చెప్పమన్నారు.

అక్క మొదటినుంచి చదివింది. పైన హాజరైనవారి పట్టీ దగ్గర ఆగింది. వేలితో లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. పెద్దమ్మాయి, అమ్మ, చిన్నమ్మాయి.

"నాన్నా, ఇది కూడా చెల్లదు. కోరం లేదు" అంది.

నాన్న లేచి వచ్చి ఆవిడ భుజం మీదుగా చూసి తలమీద చెయ్యి పెట్టుకున్నారు. అమ్మ ముందు నవ్వింది, తర్వాత నేను. అక్క నవ్వలేదు. నాన్న చేతిలోంచి పెన్ను తీసుకుని నాలుగో పేరు రాసింది. అధ్యక్షులు అని రాయలేదు. నాన్న అని రాసింది.